నెట్ గుంజింది ఎవరు?

ఐదో ప్రశ్న సగమే కనిపించింది.

"కింది వాటిలో ఉభయచరం..." అన్నంత వరకే తెర మీదికి వచ్చింది. ఆ తర్వాత తెల్లటి గుండ్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

ఆఫ్రీన్ ఫోనును పైకెత్తింది. పక్కకు వంచింది. తుడిచింది కూడా. గుండ్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ తెర కదిలేసరికి ఆరో ప్రశ్న కూడా దాటిపోయి, ఏడోది వచ్చి కూర్చుంది.

"కప్ప," అంది ఆఫ్రీన్ పళ్లు కొరుకుతూ. "జవాబు కప్ప. నాకు తెలుసు. వినేటోడు లేడు."

అది జిల్లా ఆన్‌లైన్ సైన్స్ క్విజ్‌లో రెండో రౌండు. ఏడో తరగతి నుంచి ఆఫ్రీన్ ఒక్కతే ఇంతదాకా వచ్చింది. ఇది దాటితే వచ్చే శనివారం ఫైనల్.

రౌండు అయిపోయింది. పేర్ల జాబితా వచ్చింది. ఫైనల్‌కు ఎంపికైన వాళ్లలో అందరికన్నా కింద ఉంది ఆఫ్రీన్ పేరు. తెలిసిన జవాబులు ఎన్ని నోట్లోనే ఉండిపోయాయో తలచుకుంటే ఆమెకు ఒళ్లు మండింది.

రౌటర్ ఆమె ఎదురుగానే, పుస్తకాల అరలో ఉంది. సిమ్ వేస్తే నడిచే చిన్న తెల్ల డబ్బా అది. ఇంతకుముందు ముందుగది కిటికీలో ఉండేది. క్విజ్ కోసమని ఆఫ్రీనే దాన్ని తెచ్చి లోపలి గదిలో తన పక్కన పెట్టుకుంది. దగ్గరుంటే నెట్ గట్టిగా వస్తుందని ఆమె లెక్క. ఫోనులో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి కూడా. అయినా ఇలా ఎందుకైంది?

ఆఫ్రీన్ లేచి వెనక తలుపు తీసింది.

గోడ పక్కన మెట్టు మీద పక్కింటి వినోద కూర్చుని ఉంది. చేతిలో ఫోను, వీపు ఆఫ్రీన్ వాళ్ల గోడకు ఆనించి ఉంది. ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

ఆఫ్రీన్‌కు జవాబు దొరికిపోయింది. అలా అనుకుంది.

*

ఖిలా వరంగల్‌లో కోట రాతిగోడకు దగ్గరగా ఉన్న గల్లీలో ఆఫ్రీన్, వినోద వాళ్ల ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒకటే గోడ. ఆఫ్రీన్ అబ్బా ఆజం ఆటో నడుపుతాడు. అమ్మీ రజియా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. వినోద తన నాయనమ్మ కట్టమ్మతో ఉంటుంది. వినోద వాళ్ల బాపు సదానందం బోర్లు వేసే లారీ మీద పని చేస్తాడు. ఆ లారీ ఎక్కడెక్కడికో పోతుంది. అతను నెలల తరబడి ఇంటికి రాడు.

రౌటర్ రెండు ఇళ్లదీ. రెండు ఇళ్లవాళ్లూ కలిసి కొన్నారు. ఒక నెల ఆజం రీచార్జ్ చేయిస్తే, ఇంకో నెల సదానందం ఉన్నచోటు నుంచే చేయిస్తాడు.

ఈ సంగతి ఆఫ్రీన్‌కు తెలియనిది కాదు. కాని కోపం వచ్చినప్పుడు ఆమెకు సగం సంగతులు గుర్తుండవు.

సోమవారం సైన్స్ పీరియడ్‌లో రాజేశ్వర్ రావు సార్ ఆఫ్రీన్‌ను లేపి నిలబెట్టారు.

"ఫైనల్‌కు పోయినవ్. సంతోషం. కని నీ పేరు ఆఖరున ఉన్నది. నీకు తెల్వని ప్రశ్నలు కావు గద అవి. ఏమైంది?"

"నెట్ ఆగింది సార్."

"ఎందుకు ఆగింది?"

"మా నెట్ అంత వేరేటోళ్లు గుంజుతాండ్రు సార్," అంది ఆఫ్రీన్. "పొద్దుమీకితే చాలు, మా గోడకు అతుక్కొని కూసుంటది ఒకామె."

పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేదు. ఎవరి ఇల్లు ఎవరి పక్కనో తరగతిలో అందరికీ తెలుసు. తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగాయి.

వినోద లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది.

"నేను మా బాపుతోని మాట్లాడుత. అంతే. రౌటర్‌ల సగం మాది."

"సగం మీదైతే మొత్తం ఎందుకు గుంజుతున్నవ్?"

"నేను గుంజలే."

"మరి ఎవరు గుంజిండ్రు? గోడ గుంజిందా?"

పిల్లలు నవ్వారు. సార్ బల్ల మీద స్కేలుతో కొట్టి ఇద్దరినీ కూర్చోమన్నారు. "ఇంటి లొల్లి ఇంట్ల చూసుకోండ్రి," అని పాఠం మొదలుపెట్టారు. కాని వెనక బెంచీలో మధు అప్పటికే పక్కవాడి చెవిలో ఒక మాట ఊదాడు. గంట కొట్టేలోగా ఆ మాట గది అంతా తిరిగింది.

డేటా దొంగ.

బడి వదిలాక వినోద ఒక్కతే నడిచి పోయింది. ఎప్పుడూ ఇద్దరూ కలిసే పోయేవాళ్లు.

ఆఫ్రీన్ ఇంటికి వచ్చీరాగానే ఫోను తీసింది. రౌటర్ పాస్‌వర్డ్ ఎలా మార్చాలో కొన్న రోజే షాపాయన చూపించాడు. పాతది తీసేసి కొత్తది పెట్టింది. అమ్మీకి చెప్పలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. వద్దన్నాక చేయడం కన్నా, అనకముందే చేసేయడం మంచిదన్నది ఆఫ్రీన్ పద్ధతి.

సాయంత్రం వినోద వెనక మెట్టు మీదికి వచ్చింది. ఆఫ్రీన్ తలుపు సందులోంచి చూసింది. వినోద ఫోనును రెండు మూడుసార్లు నొక్కి చూసింది. చెయ్యి పైకెత్తి పట్టుకుంది. లేచి అటూ ఇటూ తిరిగింది. కాసేపు ఆఫ్రీన్ వాళ్ల తలుపు వైపు చూస్తూ నిలబడింది.

'రానీ. వచ్చి అడగనీ,' అనుకుంది ఆఫ్రీన్.

వినోద అడగలేదు. ఫోను కొంగులో దాచుకున్నట్టు చున్నీలో చుట్టుకుని ఇంట్లోకి పోయింది.

*

మరునాడు సాయంత్రం ఆఫ్రీన్ హాయిగా కూర్చుని పాత క్విజ్ వీడియో ఒకటి పెట్టింది. ఇప్పుడు నెట్ మొత్తం ఆమెదే.

తెల్ల గుండ్రం ప్రత్యక్షమైంది.

ఆఫ్రీన్ వీడియో ఆపి మళ్లీ పెట్టింది. ఆగింది. ఇంకోటి పెట్టింది. అదీ ఆగింది. అంతలో ముందుగదిలో మాటలు వినిపించాయి. కట్టమ్మ వచ్చింది.

"రజియా, మీకు నెట్ వస్తాందా బిడ్డా?"

"వస్తాంది గద పెద్దమ్మా. ఆఫ్రీన్ లోపల చూస్తనే ఉన్నది. ఏమైంది?"

"మాకు నిన్నటిసంది వస్తలేదు. నా కొడుకు పొద్దుగాల నా చిన్న ఫోనుకు కొట్టిండు. నిన్న సాయంత్రం బోరుల నీళ్లు పడ్డయంట. నీళ్లు ఎగజిమ్మేటప్పుడు వినోదకు వీడియోల చూపిస్తనని ఎన్నడో మాటిచ్చిండు. పిల్ల ఎన్నిదినాలసంది అడుగుతాందో. నిన్న ఎన్నిసార్లు కొట్టినా కలువలేదంట. 'పిల్ల నా మీద అలిగిందా అమ్మా' అని అడుగుతాండు. అది ఏమీ చెప్తలేదు. అన్నం తినుమంటే గోడకు తిరిగి పండుకుంటాంది."

లోపలి గదిలో ఆఫ్రీన్ ఫోను మీద వేలు అలాగే ఉంచి ఆగిపోయింది.

కట్టమ్మ వెళ్లిపోయింది. రజియా లోపలికి వచ్చింది. చేతిలో సూది, దారం అలాగే ఉన్నాయి. కూతురి ముఖం ఒక్కసారి చూసింది.

"ఏం చేసినవ్?"

"పాస్‌వర్డ్ మార్చిన," అంది ఆఫ్రీన్. తల వంచలేదు. "నెట్ మొత్తం వినోదనే గుంజుతాంది. నేను ఫైనల్ రాయొద్దా?"

"నిన్న మార్చినవా?"

"ఆఁ."

"అంటే నిన్నటిసంది ఈ నెట్ నువ్వొక్కదానివే వాడుతున్నవ్."

"ఆఁ."

"మరి ఇప్పుడు మంచిగొస్తాందా?"

ఫోనులో గుండ్రం తిరుగుతోంది. రజియా దాన్ని చూసింది.

"దొంగ వస్తదని తాళం వేసినవ్. అయినా సొమ్ము పోతనే ఉన్నది. మరి దొంగ ఏడున్నట్టు?"

"అమ్మీ, నాది తప్పు కాదు. ఇంకేదో ఉన్నది."

"ఉంటే ఉంటది. అదేందో నువ్వే దేవులాడి తెలుసుకో. మీ అబ్బకు చెప్పను, ఎవలకు చెప్పను. కని ఆ పిల్ల మీద వేసినవ్ గద. దాని మీది నుంచి తీసేటోళ్లు కూడ నువ్వే కావాలె."

"తీయ. ముందు అది తప్పని తేలాలె."

"తేల్చు," అని రజియా వెళ్లి మిషను ముందు కూర్చుంది.

*

ఆఫ్రీన్‌కు పట్టుదల వస్తే అన్నం సహించదు. బుధవారం బడి నుంచి వచ్చి సంచి పక్కన పడేసి పనిలోకి దిగింది. తన మాటే నిజమని రుజువు చేయాలని ఆమె పంతం.

మొన్న శనగ గింజలు మొలకెత్తించే ప్రయోగంలో రాజేశ్వర్ రావు సార్ చెప్పిన మాట ఒకటి ఆమెకు బాగా ఎక్కింది. నీళ్లు, ఎండ, మట్టి అన్నీ ఒక్కసారే మారిస్తే, మొలక ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మిగిలినవన్నీ అలాగే ఉంచాలి.

ముందు రౌటర్ పేజీ తెరిచి చూసింది. దానికి ఎన్ని ఫోన్లు కలిసి ఉన్నాయో అక్కడ కనిపిస్తుంది. ఒకటే ఉంది. అది తనదే. వినోద ఫోను లేదు.

తర్వాత తన ఫోనులో వెనక నడుస్తున్న యాప్‌లన్నీ మూసేసింది. స్పీడ్ టెస్ట్ పెట్టింది. వేగం చూపే ముల్లు లేవడానికి బద్ధకిస్తున్నట్టు కొంచెం కదిలి పడిపోయింది.

రౌటర్‌ను ఆపి, కాసేపాగి మళ్లీ వేసింది. ముల్లు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ లేచింది. మళ్లీ పడిపోయింది.

అప్పుడు రౌటర్‌ను చేతుల్లోకి తీసుకుని దగ్గరగా చూసింది. దాని మీద మూడు లైట్లున్నాయి. కరెంటు లైటు పచ్చగా ఉంది. వైఫై లైటు పచ్చగా ఉంది. మూడోది, టవర్ గుర్తు ఉన్నది, ఎర్రగా ఉంది.

ఇన్నాళ్లూ పక్కనే పెట్టుకుని కూర్చుంది కాని ఆ లైటు రంగును ఆఫ్రీన్ ఎప్పుడూ చూడలేదు.

"టవర్..." అని పైకే అనుకుంది.

ఫోనులో నిండుగా ఉన్న గీతలు రౌటర్ తనకు ఎంత దగ్గరుందో చెబుతాయి. మరి రౌటర్‌కు టవర్ ఎంత బాగా అందుతోందో? అది ఈ మూడో లైటు చెబుతుంది. అంటే తనకూ రౌటర్‌కూ మధ్య దారి బాగానే ఉంది. రౌటర్‌కూ టవర్‌కూ మధ్యే దారి మూసుకుపోయింది.

ఆఫ్రీన్ గది నాలుగు పక్కలా చూసింది. అరకు ఒకవైపు ఇనుప బీరువా. ఇంకోవైపు ఫ్రిజ్. వెనక మందపాటి పాతకాలపు గోడ. టవర్ ఉన్నది ముందువైపు, రోడ్డు దాటాక.

పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతికి తెచ్చింది. రౌటర్‌ను ముందుగది గుమ్మంలో పెట్టింది. లైటు పసుపుకు మారింది. ముందు కిటికీలో, అది ఇదివరకు ఉన్నచోటే పెట్టింది. లైటు పచ్చగా వెలిగింది. స్పీడ్ టెస్ట్‌లో ముల్లు జువ్వున లేచి సగం దాటింది.

ఆఫ్రీన్‌కు సంతోషం కలగలేదు. రౌటర్‌ను మళ్లీ తీసుకుపోయి బీరువా పక్కన పెట్టింది. ఎరుపు. కిటికీలో పెట్టింది. పచ్చ. ఇంకోసారి లోపలికి. ఎరుపు. ఒక్కసారైనా తన మాట నెగ్గుతుందేమోనని మళ్లీ మళ్లీ తిప్పింది. లైటు ఒక్కసారి కూడా ఆమె పక్షాన మాట్లాడలేదు.

మిషను తొక్కుతున్న రజియా ఇదంతా ఓరకంట చూస్తోంది.

ఆఫ్రీన్‌కు ఇంకో అనుమానం వచ్చింది. అది రాకపోతే బాగుండేదని తర్వాత అనుకుంది. రౌటర్‌ను లోపలి అరలోనే వదిలి, ఫోను పట్టుకుని బయటికి నడిచింది. వినోద వాళ్ల గుమ్మం ముందు వైఫై గీత ఒక్కటి కూడా లేదు. వాళ్ల పక్క సందులోనూ లేదు. వెనక మెట్టు మీదికి వచ్చేసరికి రెండు గీతలు వచ్చాయి.

రౌటర్‌ను తను లోపలికి జరిపాక వినోదకు ఆ మెట్టు తప్ప ఇంకో చోటు లేదు. వాళ్ల బాపుతో మాట్లాడాలంటే అక్కడికే వచ్చి కూర్చోవాలి. వచ్చి కూర్చుంది. దానికే తను క్లాసులో అంత మాట అంది.

ఆఫ్రీన్ లోపలికి పోయి రౌటర్‌ను తిరిగి ముందు కిటికీలో పెట్టింది.

*

ఆమె వెళ్లేసరికి వినోద ఇంటి ముందు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"రౌటర్ కిటికీల పెట్టిన," అంది ఆఫ్రీన్. "ఇప్పుడు మీ ఇంట్ల మంచిగొస్తది. పాస్‌వర్డ్ చెప్త, రాసుకో."

"నాకొద్దు."

"నాదే తప్పు. నేను దాన్ని లోపలికి జరిపినందుకే సిగ్నల్ పోయింది. సారీ."

వినోద ఒక కాయను ఫట్టున విరిచింది. "సారీ ఈడ చెప్తున్నవ్. నన్ను అన్నది ఏడ?"

ఆఫ్రీన్ చిక్కుడుకాయల వైపు చూసింది.

"క్లాసుల అందరి ముందట అన్నవ్. ఈడ గోడ పక్కపొంటి వచ్చి, ఎవలకు ఇనరాకుండ సారీ చెప్తే నేను పట్టుకోవాల్నా? నిన్న మధు నా పక్కకెల్లి పోతా ఫోను జేబుల దాసుకున్నట్టు చేసిండు. అందరు నవ్విండ్రు. నువ్వు కూడ చూసినవ్. ఆళ్లను ఏమన్నంటివా?"

"లేదు."

"మరి పో. నీ నెట్ నువ్వే ఉంచుకో. మా బాపు వచ్చినంక మేం వేరేది కొనుక్కుంటం."

ఆఫ్రీన్‌కు కూడా రోషం పొడుచుకొచ్చింది. వచ్చి తప్పు ఒప్పుకుంటే పొమ్మంటుందా? విసవిసా ఇంటికి వచ్చేసింది. కిటికీలో రౌటర్ పచ్చగా వెలుగుతోంది. నెట్ ఎన్నడూ లేనంత బాగా వస్తోంది. క్విజ్ వీడియో పెట్టింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు. కాని అందులో ఏం చెప్పారో ఆఫ్రీన్‌కు ఒక్క ముక్క ఎక్కలేదు.

గురువారం సైన్స్ పీరియడ్ వచ్చింది. సార్ ఇంకా రాలేదు. మధు లేచి తన పెన్సిల్ డబ్బాను గట్టిగా గుండెకు హత్తుకున్నాడు. "జర భద్రం రా. డేటా దొంగ ఇటే చూస్తాంది," అన్నాడు.

నవ్వులు మొదలయ్యాయి. వినోద కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆఫ్రీన్ లేచింది. బెంచీని గట్టిగా పట్టుకుంది. అప్పుడే సార్ గుమ్మంలోకి వచ్చారు. ఆమె కూర్చోలేదు.

"సార్, నేనొక మాట చెప్పాలె."

"చెప్పు."

"సోమవారం నేను అన్నది అబద్ధం. నెట్ గుంజింది వినోద కాదు. రౌటర్‌ను కిటికీల నుంచి తీసి బీరువ పక్కన పెట్టుకున్నది నేను. సిగ్నల్ అందుకే పోయింది. ఒక్కొక్కటి మార్చి చూసిన. ప్రతిసారి నాదే తేలింది. ఆ రౌటర్‌ల సగం వాళ్లది. నేను వాళ్లకు చెప్పకుంట పాస్‌వర్డ్ మార్చిన."

మధు నెమ్మదిగా అన్నాడు, "అయితే దొంగవు నువ్వేనా?"

"ఆ పేరు పెట్టి ఎవలనన్న పిలువాల్నంటే ఇగ నన్ను పిలువు," అంది ఆఫ్రీన్, వాడి కళ్లలోకి చూస్తూ. "నేను పలుకుత. కని వినోదను ఇంకోసారి అంటే నేను ఊకోను."

మధు పెన్సిల్ డబ్బాను బల్ల మీద పెట్టేశాడు.

సార్ బల్ల దగ్గరికి వచ్చారు. "కూసో ఆఫ్రీన్," అన్నారు. తర్వాత చాక్‌పీస్ తీసుకుని బోర్డు వైపు తిరిగారు. "ఒక్కొక్కటి మార్చి చూసిన్నన్నవ్. రేపు ఆ ప్రయోగం బోర్డు మీద గీసి చూపియ్యి. అందరికి పనికొస్తది."

వినోద ఆ పీరియడంతా కిటికీ వైపే చూసింది.

*

బడి వదిలాక వినోద ముందు, ఆఫ్రీన్ వెనక నడుస్తున్నారు. ఇద్దరి మధ్య ఒక మేక పట్టేంత దూరం. గల్లీ మలుపు దగ్గర వినోద నడక తగ్గించింది. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"మీ కిటికీ కన్న మా కిటికీల ఎక్కువొస్తది."

"ఎట్ల తెలుసు?"

"కొన్న దినం బాపు మా ఇంట్లనే పెట్టి చూసిండు. మా కిటికీ ముందట అడ్డం ఏం లేదు. మీ ఇంట్ల ప్లగ్గు దగ్గరున్నదని మీ దిక్కు పెట్టిండ్రు."

"నిజంగనా?"

"నా మాట నమ్మకు. నీ మాట నేను నమ్మ. తెచ్చి చూడు."

ఆఫ్రీన్ రౌటర్‌నూ, ఎక్స్‌టెన్షన్ బోర్డునూ తీసుకుని వినోద వాళ్ల ఇంటికి వెళ్లింది. కట్టమ్మ కిటికీలోని ఊరగాయ జాడీలను పక్కకు జరిపి చోటిచ్చింది. లైటు పచ్చగా వెలిగింది. స్పీడ్ టెస్ట్‌లో ముల్లు ఆఫ్రీన్ వాళ్ల కిటికీలో కన్నా ఇంకా పైకి పోయింది. ఇద్దరూ కలిసి అటు ఇటు మార్చి చూశారు. పొద్దుగూకాక, అందరూ ఫోన్లు పట్టుకునే వేళకు మళ్లీ చూశారు. వేగం కొంత తగ్గింది కాని ఈ కిటికీయే గెలిచింది.

ఆఫ్రీన్ రౌటర్ వైపు చూసింది. అది ఇక్కడ ఉంటే తన గదిలో వైఫై గీతలు తగ్గుతాయి. తనే ముందుగదికి వచ్చి కూర్చోవాలి. ఫైనల్‌కు ఇంక ఎన్నో రోజులు లేవు. ఒక్కసారి చెయ్యి దాని మీదికి పోయింది కూడా.

వినోద చూస్తూ నిలబడింది. 'తీసుకుపో' అనలేదు. 'ఉంచు' అని కూడా అనలేదు.

ఆఫ్రీన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "దీనికి ఈడనే మంచిగున్నది. ఈడనే ఉండనీ," అంది. "పాస్‌వర్డ్ నువ్వు పెట్టు. నాకు తర్వాత చెప్పు."

వినోద ఫోను తీసుకుని, అటు తిరిగి చాలాసేపు ఏదో నొక్కింది. చెప్పడానికి ఇంకా చాలాసేపు తీసుకుంది. ఆఫ్రీన్ గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది.

*

శనివారం సాయంత్రం ఫైనల్. "మా ఇంట్లనే కూసొని రాయి. గోడ అడ్డముండదు," అని కట్టమ్మే పిలిచింది. ఆఫ్రీన్ కిటికీ పక్కన మంచం మీద కూర్చుంది. వినోద గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

మధ్యలో ఒక ప్రశ్న దగ్గర తెర ఆగింది. తెల్ల గుండ్రం తిరిగింది.

ఆఫ్రీన్ వినోద వైపు చూడలేదు. తల తిప్పి రౌటర్ లైటు చూసింది. పచ్చగానే ఉంది. ఆగి చూసింది. గుండ్రం పోయింది. ప్రశ్న పూర్తిగా వచ్చింది. జవాబు నొక్కింది.

ఆఖరున పేర్లు వచ్చాయి. ఆఫ్రీన్‌ది నాలుగో స్థానం. ముగ్గురికే బహుమతులు.

"నెట్ ఆగినందుకా?" అని అడిగింది వినోద.

"కాదు. రెండిటికి జవాబు నాకు తెల్వలే," అంది ఆఫ్రీన్. "వచ్చే ఏడు తెలుస్తది. అప్పుడు చూస్త వాళ్లను."

ఆమె లేచి చెప్పులు వేసుకుంటుండగా వినోద ఫోను మోగింది. వీడియో కాల్. వినోద ఒక్క గెంతులో మంచం ఎక్కి ఫోను ఎత్తింది. తెర మీద సదానందం కనిపించాడు. లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా బురద.

"బిడ్డా, ఇయ్యాల దొరికినవ్. సోమవారం ఏడ పోయినవే? నీళ్లు పడుతుంటే ఫోను పట్టుకొని నీకోసమే తండ్లాడిన. అలిగినవా నా మీద?"

"లేదు బాపు. నెట్ రాలే," అంది వినోద.

అంతే అంది. ఎందుకు రాలేదో చెప్పలేదు.

ఆఫ్రీన్ గుమ్మంలో ఆగింది. అక్కడినుంచి ఒక్క అడుగు వేస్తే బయటపడుతుంది. వినోద ఏమీ చెప్పేలా లేదు. ఇంక అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు.

ఆఫ్రీన్ చెప్పులు విడిచింది.

మంచం దగ్గరికి వచ్చి, ఫోనులో తన ముఖం కనిపించేలా వంగింది. "కాకా, నేను ఆఫ్రీన్‌ను. వినోద అలుగలే. ఆ దినం మీ ఫోను కలువకపోయింది నా వల్ల."

సదానందం ముఖంలో నవ్వు కొంచెం ఆగింది. "నీ వల్లనా? ఏమైంది బిడ్డా?"

ఆఫ్రీన్‌కు చెప్పడానికి చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

వినోద మంచం మీద ఒక పక్కకు జరిగింది.

"కూసొని చెప్పు," అంది.

ఆఫ్రీన్ ఆమె పక్కన కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.